పదహారో గడి

పిచ్చుక సంచీ సర్దుకుంటోంది. మూడు రోజుల విహారయాత్రకి ఎవరైనా ఏం పెట్టుకుంటారు? రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, ఒక బ్రష్షు. ఆ పిల్ల ఆరు జతలు పెట్టింది. చలికాలపు దుప్పటి నాలుగు మడతలు వేసి అడుక్కి తోసింది. కిందటేడు పరుగుపందెంలో గెలిచిన కప్పుని పాత చొక్కాలో చుట్టి పక్కన ఇరికించింది. అన్నిటికంటే పైన వాళ్ళమ్మ నీలం స్వెట్టరు పెట్టింది. దాని గుండీల్లో ఒక్కటి మాత్రం ఎర్రది.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"సముద్రం దగ్గర చలేం ఉంటుందే?" అంది, గొంతు మామూలుగా పెట్టుకుని.

"ఉంటే?" అంది పిచ్చుక, జిప్పు లాగుతూ.

"మరి కప్పెందుకు? అక్కడేమైనా పరుగుపందేలు పెడుతున్నారా?"

"చూపించడానికి."

ఎవరికని పెద్దమ్మ అడగలేదు. ఎవరికో ఆవిడకి తెలుసు.

వాళ్ళమ్మకి. ఏడేళ్ళ కిందట పిచ్చుక తల్లి, అప్పట్లో ఆ పిల్ల బళ్ళో డ్రాయింగ్ టీచరు, నాలుగు రోజుల శిక్షణ తరగతులకని సంచీ భుజాన వేసుకుంది. "వెళ్ళొస్తానక్కా, పిల్ల జాగ్రత్త" అని బస్సెక్కింది. శిక్షణ ఇచ్చేవాళ్ళు ఆమె అసలు రానేలేదన్నారు. బస్సువాళ్ళు ఆమె ఎక్కడ దిగిందో చూడలేదన్నారు. తండ్రి లేని ఆరేళ్ళ పిల్ల రోజూ సాయంత్రం గేటు దగ్గర మెట్టు మీద కూర్చునేది. తినేది కాదు, నిద్రపోయేది కాదు. నెల తిరిగేసరికి పుల్లలా అయిపోయింది. అప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. అది కూడబలుక్కుని చదివి పిల్ల మెట్టు మీంచి లేచింది. లోపలికొచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. ఇవాళ్టికీ ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతుంది.

దాన్ని రాసింది తల్లి కాదు, పెద్దమ్మ. ఆ సంగతి ఆవిడ ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

చెల్లెలి ఉద్యోగంలో తను చేరకముందు ఆవిడ ఇంజనీర్ల ఆఫీసులో ట్రేసరు. వాళ్ళు గీసిన ప్లానుల మీద గీతకి గీత దిద్దుతూ నకళ్ళు తీయడం పని. ఇరవై ఏళ్ళు ఇతరుల గీతల మీద నడిచిన చెయ్యికి సొంత చెల్లెలి చేతిరాత ఒక లెక్కా? కానీ ఉత్తరంలో ఆవిడ ఒక మాట ఎక్కువ రాసింది. అమ్మ సముద్రం దగ్గర ఊళ్ళో ఉందని రాసింది. ఈ ఏడు విహారయాత్ర ఎక్కడికో బడివాళ్ళు నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు. పిల్లలు వెళ్ళేది సముద్రం దగ్గర ఊరికే.

ఇప్పుడీ సంచీ చూశాక అనుమానం కూడా మిగల్లేదు. పిచ్చుక తిరిగి వచ్చే ఉద్దేశంతో వెళ్ళడం లేదు. లేని మనిషిని వెతుక్కుంటూ ఆ ఊరి వీధుల్లో పడబోతోంది. బస్సు సాయంత్రం నాలుగింటికి బయల్దేరుతుంది. ఆలోగా నిజం చెప్పాలి.

చెబుదామని నోరు తెరిచింది. "టిఫిన్ డబ్బా మర్చిపోకు" అంది.

*

మూడో పీరియడు ఏడో తరగతికి డ్రాయింగు. మొత్తం పదహారు మంది. ఇంట్లో రోజూ చూసి చూసి, చూడటం మానేసిన వస్తువు ఒకటి తెమ్మని ముందురోజే చెప్పింది పెద్దమ్మ, బళ్ళో అందరికీ డ్రాయింగ్ టీచరు. బల్లల మీద సబ్బుపెట్టె, పేస్టు ట్యూబు, మాడిపోయిన బల్బు, సోడా డబ్బా, తలదువ్వెన వరసగా వచ్చి కూర్చున్నాయి. వాగుడుకాయ అని అందరూ పిలిచే పిల్ల వాళ్ళ బాబాయి చెప్పు తెచ్చింది. ఒక్కటే.

"రెండోది ఏదే?"

"రెండోది వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు టీచర్."

తరగతంతా బల్లలు చరిచి నవ్వింది. కిటికీ పక్క ఆఖరి బల్ల దగ్గర పిచ్చుక ఒక్కతే నవ్వలేదు. సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని బయటికి చూస్తోంది.

"ఇవాళ మనం పాప్ ఆర్ట్ వేస్తున్నాం" అంది టీచరు. "కొండలూ పూలూ అందరూ వేస్తారు. దుకాణంలో అట్టపెట్టె మీద బొమ్మని, బొమ్మల కథలో బొమ్మని తీసుకొచ్చి గోడకి తగిలించి 'ఇదీ చిత్రమే' అనడానికి ధైర్యం కావాలి. మనం ఆ ధైర్యం చేద్దాం. ఒకటే నియమం, నిజం రంగు వేస్తే మార్కులుండవు. సబ్బు నల్లగా ఉండాలి. చెప్పు గులాబీ రంగులో మెరిసిపోవాలి. పక్కన మాటల బుడగ. చెప్పు ఏమంటుంది?"

"టపా టపా!"

"సోడా డబ్బా?"

"తుస్స్!"

"నా దువ్వెన ఏమీ అనదు టీచర్. మా నాన్నకి జుట్టు లేదు, దానికి పని లేదు" అంది కళ్ళజోడు పిల్ల.

"అయితే దాని బుడగలో ఆవలింత రాయి. ముందు చుక్కలు వేద్దాం. పాత బొమ్మల కథల పుస్తకాన్ని భూతద్దంలో చూశారా ఎప్పుడైనా? బుగ్గ మీద ఉండేది రంగు కాదు, చుక్కలు. దూరం నుంచి చూస్తే ముఖం, దగ్గరికెళ్తే ఒట్టి చుక్కలు."

ఆ చుక్కలు తెప్పించే ఉపాయం ఆవిడ సొంతం. కిటికీలకి కొట్టే దోమల జాలీ ముక్క అడుగున పెట్టాలి. దాని మీద తెల్ల కాగితం, కాగితం మీద కార్బన్ బోర్లా వేసి, చెంచా వీపుతో గట్టిగా రుద్దాలి. జాలీ అచ్చు చుక్కలు చుక్కలుగా దిగుతుంది. ఆ చుక్కల మీద తర్వాత రంగుల బొమ్మ. పదహారు బొమ్మలూ నాలుగు వరసలుగా గోడకి చేరితే ఒకే పెద్ద చిత్రం.

బోర్డు మీద గులాబీ రంగు చెప్పు గీస్తూ, వెనక్కి తిరక్కుండానే ఆయమ్మని కేకేసింది. "ఆయమ్మా, బీరువాలో కొత్త కార్బన్ ప్యాకెట్టుంది, చిన్న ముక్కలు చేసి పంచిపెట్టు."

కాసేపటికి ఆయమ్మ వచ్చింది, పంచింది. చెంచాలు ఒక్కసారిగా గరగరమన్నాయి. టీచరు చెప్పుకి పట్టీ గీస్తోంది. ఆ చప్పుడులోనే ఒక గొంతు లేచింది.

"టీచర్, నాది పాడైపోయింది. మధ్యలో తెల్లగా వస్తోంది."

"నాది కూడా!"

"తెలుపు కాదే, అక్షరాలు! టీచర్, నా కాగితం 'కూర్చోకు' అంటోంది" అని కళ్ళజోడు నిజంగానే లేచి నిలబడింది.

"నాది 'తిను' అంటోంది. నాకు ఆకలేస్తోందని దీనికెలా తెలిసిందే?" అంది వాగుడుకాయ.

టీచరు చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది.

"ఆయమ్మా, ఏ కార్బన్ ఇచ్చావు?"

"కొత్త ప్యాకెట్టు కనపళ్ళేదు టీచరమ్మా. అడుగు అరలో రేకు డబ్బా ఉంటే తీశాను. అరచెయ్యంత ముక్కలు, ఎవరో కొలిచి కోసినట్టున్నాయి. సరిగ్గా పదహారు. పిల్లలూ పదహారేగా! మీరే కోసి దాచారనుకుని పంచేశా."

ఆవిడే కోసి దాచింది. అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న పిల్ల చదవాలని ఉత్తరం లావుపాటి అక్షరాలతో రాసింది. పాత గీత కొత్త గీతకి అడ్డం రాకూడదని ఒక్కో మాటకి ఒక్కో కార్బన్ ముక్క వాడింది. పనయ్యాక పారేయాలి కదా! సగం బాగున్న కార్బన్ పారేయడం ట్రేసర్లకి ప్రాణం మీదికి వచ్చే పని. రేకు డబ్బాలో వేసి మూత పెట్టింది, బళ్ళో చేరినప్పుడు సామానుతో తెచ్చి బీరువాలో పడేసి మర్చిపోయింది. మొన నడిచిన చోట కార్బన్ మీది మసి పోయి ఉంటుంది. మిగతా అంతా రుద్దితే, పోయిన గీత తెల్లగా పైకి తేలుతుంది. ఈ సంగతి ఆవిడకి తెలిసినంత బాగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

"ఆపండి. చాలు, కాగితాలు ఇలా ఇచ్చేయండి" అంది. చెంచాల గరగర ఆగలేదు. విన్నది ముందు బల్లవాళ్ళే.

"టీచర్ పజిల్ పెట్టిందిరోయ్!" అని వాగుడుకాయ అరిచింది. అంతే, ఇంక ఎవరాపగలరు? కాగితాలు పట్టుకుని గోడ దగ్గరికి పరుగెత్తారు, పిన్నులు గుచ్చారు, తోసుకున్నారు. "'నేను' ముందు పెట్టవే." "'బాగున్నాను' దాని పక్కన." "'గేటు దగ్గర' ఎవరిది?" చెంచాలు పట్టుకున్న నల్లటి వేళ్ళతో, నవ్వుకుంటూ, ఏడేళ్ళ నాటి ఆ ఉత్తరాన్ని మాట పక్కన మాటగా గోడకి ఎక్కిస్తున్నారు.

"ఒసే పిచ్చుకా, ఇందులో నీ పేరుందే!"

ఆఖరి బల్ల దగ్గర నుంచి పిచ్చుక లేచి వచ్చింది. గోడ ముందు నిలబడి ఒకసారి చూసింది. 'వచ్చి' తీసి కింది వరసలో పెట్టింది. 'పెద్దమ్మ' తీసి 'మాట విను' పక్కకి జరిపింది. ఆగలేదు, తడుముకోలేదు. కళ్ళు మూసుకున్నా పెట్టగలదు. పదిహేను గడులు నిండాయి.

పిచ్చుకా. నేను. బాగున్నాను. గేటు దగ్గర. కూర్చోకు. వేళకి. తిను. పెద్దమ్మ. మాట విను. సముద్రం దగ్గర. ఊళ్ళో. ఉన్నాను. పెద్దయ్యాక. వచ్చి. తీసుకెళ్తాను.

కింద కుడివైపు మూలన పదహారో గడి ఖాళీగా ఉంది. అది పిచ్చుకది. ఆ పిల్ల చెంచా ముట్టుకోనేలేదు.

అప్పుడే భోజనాల గంట కొట్టారు. పిల్లలకి పజిలూ అక్కర్లేదు, పాప్ ఆర్టూ అక్కర్లేదు. అందరూ పోయారు.

*

పిచ్చుక ప్లాస్టిక్ కవర్లోంచి ఉత్తరం తీసి గోడకి ఆనించి పట్టుకుంది. మాటకి మాట, వంపుకి వంపు.

"టీచర్" అంది.

బళ్ళో నలుగురిలో ఉంటేనే ఆ పిల్ల అలా పిలుస్తుంది. పక్కన ఎవరూ లేకపోతే పెద్దమ్మే. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు.

"ఇవి మన బళ్ళో కార్బన్ల మీదికి ఎలా వచ్చాయి?"

"నేనే రాశాను తల్లీ."

"అమ్మ రాసినదాన్ని మీరు దిద్దారా?"

"అమ్మ ఏమీ రాయలేదు." మొదలుపెట్టాక ఆవిడ ఆగదలుచుకోలేదు. "మీ అమ్మ పాఠాల నోట్సు ముందు పెట్టుకుని మాటలు ఏరాను. దొరకని మాటలకి అక్షరాలు ఏరాను. నువ్వు తినడం లేదు. ఒళ్ళంతా ఎముకలే. డాక్టరు కూడా చేతులెత్తేశాడు. ఏం చేయాలో తోచలేదు."

"సముద్రం?"

"నోట్సులో 'సముద్రపు ఒడ్డు' అని ఒక పాఠం ఉంది. ఏదో ఒక చోటు చెప్పకపోతే నువ్వు నమ్మవేమోనని పెట్టాను. కొండ పాఠం ముందు కనబడి ఉంటే కొండే రాసేదాన్ని."

పిచ్చుక నవ్వింది. అది పదమూడేళ్ళ పిల్ల నవ్వులా లేదు.

"ఏడేళ్ళ నుంచీ నేను సముద్రమే గీస్తున్నాను. మీరేమో 'అలలు బాగా వచ్చాయే' అని మార్కులు వేశారు."

ఆవిడ దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయితే అమ్మ ఎక్కడుంది?"

"తెలీదు."

"ఉందా?"

"అదీ తెలీదే."

పిచ్చుక ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది. "మీ ఉత్తరం మీరుంచుకోండి" అంది.

"ఇవాళ బస్సు మానెయ్యి తల్లీ. ఇంటికెళ్దాం. నువ్వేం అడిగితే అది చెప్తాను."

"ఎందుకు మానడం? అక్కడ నాకోసం ఎవరూ లేరుగా!" అంటూ పిల్ల సంచీ విప్పింది. పైనున్న స్వెట్టరు పక్కన పెట్టి దుప్పటి తీసింది. నాలుగు జతల బట్టలు, కప్పు బల్ల మీద పెట్టి, ఆఖర్న స్వెట్టరు ఆవిడ చేతికిచ్చింది. "అందరితో వెళ్ళి అందరితో వచ్చేస్తా. ఇన్నాళ్ళు గీశాను, ఒక్కసారి కూడా చూడలేదు. చూసి వస్తా."

ఏ సంచీ చూసి పొద్దున గుండె జారిందో అది ఇప్పుడు తేలిగ్గా, మూడు రోజుల సంచీలా ఉంది. కాదనడానికి ఆవిడ దగ్గర ఒక్క కారణం కూడా మిగల్లేదు.

నాలుగింటికి బస్సు కదిలింది. వెంట డ్రిల్ మాస్టారు వెళ్తున్నాడు. పిచ్చుక కిటికీలోంచి తల బయటపెట్టి, మధ్యాహ్నం నుంచీ మొదటిసారి, "పెద్దమ్మా!" అని పిలిచింది.

"ఏం తల్లీ?"

"గేటు దగ్గర కూర్చోకు. వేళకి తిను."

ఎగతాళో ఆపేక్షో ఆవిడకి అర్థం కాలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చిన్న చెయ్యి ఊగుతూనే ఉంది.

*

బడి ఖాళీ అయింది. వరండాలో ఆయమ్మ చీపురు చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. గోడ మీద పదిహేను గడుల్నీ పీకి చింపేయాలని టీచరు తరగతిలోకి వచ్చింది. మొదటి పిన్ను మీద చెయ్యి వేసి ఆగింది. ఏ పనీ సగంలో వదలడం ఆవిడకి చేతకాదు. మూలన ఖాళీ గడి కంట్లో నలుసులా ఉంది.

పిచ్చుక బల్ల మీద అంతా పెట్టింది పెట్టినట్టే ఉంది. జాలీ, కాగితం, కార్బన్ ముక్క, చెంచా. కార్బన్ తీసి వెలుగుకి పట్టుకుంది. నున్నగా, నిగనిగలాడుతూ ఉంది. ఎక్కడా చిన్న గీరు లేదు. అవును మరి. అప్పట్లో రెండు కాగితాలు కోసింది, ఒక్కోటి ఎనిమిది ముక్కలు. ఉత్తరానికి పట్టినవి పదిహేను. ఇది వాడలేదు. ఏ మొనా దీని మీద నడవలేదు.

దీన్ని రుద్దితే ఒట్టి చుక్కలు వస్తాయి, అంతే. ఆ ఒట్టి చుక్కలు చూస్తే కాస్త ప్రాణం కుదుటపడుతుందనిపించింది. కార్బన్ బోర్లా వేసి, చెంచా తీసుకుని రుద్దింది.

చుక్కలు వచ్చాయి. చుక్కల మధ్య తెల్లటి చారలు వచ్చాయి. ఆవిడ ఆపలేదు, చెయ్యి ఆగలేదు. మూల నుంచి మూలకి రుద్ది కార్బన్ ఎత్తింది.

*అక్కా, పిల్లని సముద్రం దగ్గరికి రానివ్వకు.*

బయట చీపురు చప్పుడు ఆగింది. లేక ఆవిడకే వినబడటం మానేసిందేమో.

ముందు వచ్చింది భయం కాదు, అలవాటు. ట్రేసరు కళ్ళు అక్షరాల మీద నడిచాయి. దిద్దిన గీతకి బరువు మొదటి నుంచి చివరిదాకా ఒకటే. ఎందుకంటే దిద్దే చెయ్యికి తొందర ఉండదు. గోడ మీది పదిహేనూ అలాగే ఉన్నాయి. ఇది అలా లేదు. 'అక్కా' దగ్గర గట్టిగా నొక్కి, పోను పోను పలచబడి, చివరి అక్షరం తోక గాల్లోకి లేచిపోయింది. ఇది ఎవరూ దిద్దింది కాదు, తొందరలో రాసింది. రాసిన చెయ్యిని గుర్తుపట్టడానికి ఆవిడకి ఎవరి నోట్సూ అక్కర్లేదు.

కానీ సముద్రం తను కల్పించింది. చెల్లెలు వెళ్ళిపోయిన నెలకి, ఒక పాఠం పేరు చూసి కల్పించింది. ఆ సంగతి చెల్లెలికి ఎలా తెలుస్తుంది?

డ్రిల్ మాస్టారికి ఫోన్ చేసింది. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు. వెనకాల పిల్లల పాటలు, కేకలు.

"మాస్టారూ, మా పిచ్చుక?"

"భేషుగ్గా ఉంది టీచర్. ముందు సీట్లో నా పక్కనే."

"ఏం చేస్తోంది?"

"ఏముంది, చెయ్యి ఊపుతోంది" అని ఆయన నవ్వాడు. "బడి దగ్గర మొదలుపెట్టింది, గంటయింది, ఇంకా కిటికీలోంచి ఊపుతూనే ఉంది. మీకే అనుకున్నా. 'టీచరు ఇంకా కనబడుతోందా ఏమిటే' అని దాన్ని ఏడిపించా కూడా."

"రోడ్డు మీద ఎవరున్నారు మాస్టారూ?"

"ఎవరూ లేరండీ. ఒట్టి పొలాలు."

"బస్సు ఆపండి. నేనొస్తున్నాను, ఎక్కడైనా ఒక చోట ఆపండి."

"టీచర్? హలో? వినబడటం లేదండీ..." పాటలు మాత్రం కాసేపు వినబడ్డాయి. తర్వాత అవీ లేవు. మళ్ళీ చేస్తే మోగలేదు.

బల్ల కింద తన పెద్ద చేతిసంచీ ఉంది. పిచ్చుక తీసేసినవన్నీ ఆవిడ అందులోనే కుక్కి పెట్టింది. దుప్పటి, బట్టలు, కప్పు. తీసే తీరిక లేదు. నీలం స్వెట్టరు పైన వేసి జిప్పు లాగింది. పదహారో కాగితం మడిచి రవికలో పెట్టుకుంది.

వరండాలో ఆయమ్మ ఎదురొచ్చింది. "ఎక్కడికి టీచరమ్మా, ఇంత సంచీ వేసుకుని?"

"అయిదున్నర బస్సుకి. పిల్లని తీసుకురావాలి."

"వాళ్ళు సోమవారం వచ్చేస్తారుగా! మీరెప్పుడొస్తారు?"

"పిల్లతో పాటే" అంది, మెట్లు దిగుతూ. "గది తాళం వెయ్యి. గోడ మీదవి ముట్టుకోకు. వెళ్ళొస్తా."

సోమవారం సాయంత్రం ఆరింటికి పిల్లల బస్సు బడి ముందు ఆగింది. పదహారు మందీ దిగారు. పిచ్చుక అందరికంటే ఆఖర్న దిగింది. తేలికపాటి సంచీ భుజాన ఉంది, చెప్పుల్లో ఇసుక ఉంది. మూడు రోజుల్లో తన కోసం అక్కడికి ఎవరూ రాలేదని ఆయమ్మకి చెప్పింది. తర్వాత ఇంటికెళ్ళి, తాళం చూసి, గేటు దగ్గర మెట్టు మీద కూర్చుంది.

శుక్రవారం అయిదున్నర బస్సుకి వెళ్ళిన డ్రాయింగ్ టీచరు ఆ సోమవారం రాలేదు. ఆ తర్వాత ఏ రోజూ రాలేదు.